విదేశీ పెట్టుబడికి కాగితాలున్నాయి, మన స్త్రీలకేవీ?

విదేశీ పెట్టుబడుల మీద మన దగ్గర జరిగే చర్చ ఎప్పుడూ రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. రావాలి, ఉద్యోగాలొస్తాయని ఒకరంటారు. రాకూడదు, దోచుకుపోతారని మరొకరంటారు. నెల్లూరు తీరంలోని ముత్తుకూరు మండలాన్ని చూస్తే ఈ రెండు మాటలూ చాలవని తెలుస్తుంది. అక్కడికి పెట్టుబడి ఎప్పుడో వచ్చింది. ఒక దేశం చేతిలోంచి ఇంకో దేశం చేతికి మారింది కూడా. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. వచ్చినవాళ్ల హక్కులు ఏ కాగితం మీద రాసి ఉన్నాయి? అక్కడే పుట్టి, అక్కడే బతుకుతున్న స్త్రీల హక్కులు ఏ కాగితం మీద రాసి ఉన్నాయి?

ముందు చట్టం సంగతి చూద్దాం. విదేశీయులు మన దేశంలో భూమి కొనలేరని చాలామంది అనుకుంటారు. వ్యక్తుల విషయంలో అది చాలావరకు నిజమే. ఫెమా అని పిలిచే 1999 నాటి విదేశీ మారక చట్టం ప్రకారం విదేశాల్లో ఉండే విదేశీ పౌరులు, కొన్ని మినహాయింపులు తప్ప, ఇక్కడ స్థిరాస్తి కొనకూడదు. ప్రవాస భారతీయులు ఇల్లో దుకాణమో కొనుక్కోవచ్చు గాని పొలాలు, తోటలు కొనకూడదు. అయితే అదే విదేశీ డబ్బు ఇక్కడ రిజిస్టరైన కంపెనీలో వాటాగా వస్తే లెక్క మారిపోతుంది. చట్టం దృష్టిలో అది భారతీయ కంపెనీ. తన వ్యాపారానికి కావలసిన భూమిని అది కొనవచ్చు, లీజుకు తీసుకోవచ్చు, ప్రభుత్వం సేకరించి ఇస్తే పుచ్చుకోవచ్చు. విద్యుత్ ఉత్పత్తిలో నూటికి నూరు శాతం విదేశీ వాటాకు అనుమతి ఉంది. మనిషిని గుమ్మం దగ్గర ఆపి, అతని డబ్బు సంచిని మాత్రం లోపలికి తీసుకున్నట్టుంది వ్యవహారం.

ముత్తుకూరులో జరిగింది ఇదే. సింగపూర్‌కు చెందిన సెంబ్‌కార్ప్ సంస్థ 2010లో ఇక్కడి థర్మల్ విద్యుత్ కంపెనీలో వాటా తీసుకుంది. తర్వాత ఆ దగ్గర్లోనే ఉన్న ఇంకో ప్లాంటునూ కలుపుకుంది. రెండూ కలిపి 2,640 మెగావాట్లు. 2022లో సెంబ్‌కార్ప్ వీటిని సుమారు 210 కోట్ల సింగపూర్ డాలర్లకు ఒమన్ మదుపుదారుల కూటమికి చెందిన సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. 2023 జనవరిలో ఆ అమ్మకం పూర్తయింది. కొన్నవాళ్లు డబ్బు ఒక్కసారిగా చెల్లించలేదు. ఏళ్ల తరబడి వడ్డీతో చెల్లించేలా అమ్మినవాళ్లే వాళ్లకు అప్పు పత్రం రాయించుకున్నారు. ఆ కూటమిలో ఒమన్ రక్షణ శాఖ పెన్షన్ నిధి కూడా ఉంది.

ఈ చివరి విషయం దగ్గర మనం కాస్త ఆగాలి. ఎక్కడో ఒమన్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ల వృద్ధాప్యానికి ముత్తుకూరులో కాలే బొగ్గు ఒక భరోసా. వాళ్లకు పెన్షన్ ఉండకూడదని మనం అనడం లేదు. వాళ్ల భద్రత కోసం వాటా పత్రాలు, అప్పు పత్రాలు, విద్యుత్ కొనుగోలు ఒప్పందాలు ఇన్ని రాసుకున్నారు కదా, అదే తీరంలో గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మి ముసలైన పట్టపు స్త్రీకి, కండలేరు ఉప్పుటేట్లో దిగి చేత్తో చేపలూ ఎండ్రకాయలూ పట్టుకునే యానాది స్త్రీకి ఏ పత్రం రాశారని అడుగుతున్నాం. ఆ ఉప్పుటేరు ఆమె పేరు మీద లేదు. చేపలు ఎండబెట్టుకునే ఇసుక ఆమె పేరు మీద లేదు. ఉప్పుటేటికి నడిచే దారి ఎవరి పట్టాలోనూ లేదు. కాబట్టి అవి పోయినప్పుడు నష్టమైనట్టు ఎక్కడా నమోదు కాదు.

ఇది థర్మల్ ప్లాంట్లతో మొదలైన కథ కాదు. 1991 తర్వాత సరళీకరణతో పాటే ఈ తీరానికి రొయ్యల సాగు వచ్చింది. ముత్తుకూరులో మత్స్య విజ్ఞాన కళాశాల ప్రారంభమైందీ ఆ ఏడాదే. మేత, మందులు, ఎగుమతి మార్కెట్ అన్నీ విదేశాలతో ముడిపడ్డ వ్యాపారమది. తమిళనాడులో కృష్ణమ్మాళ్ జగన్నాథన్ వంటివారు స్త్రీలను కూడగట్టి రొయ్యల గుంటల మీద పోరాడారు. ఆమె భర్త జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పునిస్తూ, తీరం నుంచి 500 మీటర్ల లోపు ఉన్న రొయ్యల గుంటలను తొలగించమంది. పని పోయే కార్మికులకు మామూలు పరిహారంతో పాటు 6 ఏళ్ల వేతనం ఇవ్వమంది. మంచి తీర్పే. కానీ ఆ వేతనం ఏడాదిపాటు ఎడతెగకుండా పనిచేసినవాళ్లకే. రోజు కూలికి గట్లు వేసి, పాచి తీసిన స్త్రీ ఏ మస్టరు చూపించి అది నిరూపించుకోగలదు? ఆ తర్వాత 2005లో కేంద్రం తీరప్రాంత ఆక్వా చట్టం తెచ్చి గుంటలకు మళ్లీ చట్టబద్ధత కల్పించింది. వ్యాపారం తన కాగితాన్ని తిరిగి సంపాదించుకుంది. ఆమెకు మాత్రం కాగితం అప్పుడూ లేదు, తర్వాతా రాలేదు.

ప్రాజెక్టుల వల్ల మేలే జరగలేదా అని అడిగేవాళ్లున్నారు. రోడ్లు వచ్చాయి, కృష్ణపట్నం పోర్టు వచ్చింది, కొన్ని ఇళ్లలో జీతాలు వచ్చాయి. కాదనం. కానీ మగవాడికి డ్రైవరుగానో వెల్డరుగానో పని దొరికితే, ఆడవాళ్లకు కాంట్రాక్టరు కింద ఊడ్చే పని దొరకడం మనకు తెలియనిది కాదు. పరిహారం చెక్కు పట్టాదారు పేరు మీద వస్తుంది. దాన్ని ఏం చేయాలన్న నిర్ణయంలో ఆమె మాటకు విలువ ఎంతో మనకు తెలుసు. ఈ ప్లాంట్లకు భూమి తీసుకున్న రోజుల్లో అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. పునరావాసం హక్కుగా అందులో లేనే లేదు.

2013 భూసేకరణ చట్టం కొంత దారి చూపింది. భూమి లేకపోయినా మూడేళ్లుగా ఆ ప్రాంతం మీదే ఆధారపడి బతికే కౌలుదార్లు, కూలీలు, జలవనరుల మీద బతికే మత్స్యకారులు కూడా బాధిత కుటుంబాలేనని అది గుర్తించింది. వితంతువులు, విడాకులు పొందినవారు, భర్త వదిలేసిన స్త్రీలు విడి కుటుంబాలుగా లెక్కకు వస్తారని స్పష్టంగా చెప్పింది. అయితే 2018లో మన రాష్ట్రం చేసిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించింది. ఆ అంచనా జరగని చోట పట్టా లేని స్త్రీని లెక్కపెట్టేదెవరు? పెట్టుబడికి అడ్డు తొలగించామని ప్రభుత్వం అనుకుంటుంది. నిజానికి తొలగిపోయింది ఆమె పేరు రాసే అవకాశం.

మరి మనం చేయగలిగిందేమిటి? యజమాని మారినా కంపెనీ అదే ఉంటుంది, కంపెనీ రాసిచ్చినది కూడా ఉంటుంది. నోటిమాటగా ఇచ్చిన హామీ మాత్రం ఇచ్చిన మేనేజరుతోనే పోతుంది. కాబట్టి స్త్రీల డిమాండ్లు కాగితం మీదికి ఎక్కాలి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. సభ చివర చెప్పినవన్నీ తెలుగులో చదివి వినిపించి, అదే రోజు కలెక్టరో ఆయన ప్రతినిధో సంతకం చేయాలి. ఆ సభకు కోరం లేదు. అంటే ఒక్క ఆడమనిషి రాకపోయినా సభ చెల్లుతుంది. అందుకే మనం వెళ్లాలి. ఉప్పుటేటికి దారి, మంచినీళ్లు, బూడిద, పనుల్లో వాటా ఇవన్నీ మినిట్స్‌లో ఎక్కించాలి. అనుమతి పత్రంలో షరతులుగా చేర్చమని పట్టుబట్టాలి. చదివి వినిపించేదాకా కదలకూడదు.

అనుమతి వచ్చాక కూడా కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అవి ప్రజా పత్రాలు. ప్రతి మహిళా సంఘం తన మండలంలోని కంపెనీల నివేదికలు తెప్పించి, గ్రామ సభలో చదివించాలి. అందులో రాసిందీ ఊళ్లో జరిగిందీ పక్కపక్కన పెట్టి చూడాలి. వీటితో పాటు మన ఇళ్లలో జరగవలసిన పని కూడా ఉంది. కూతురికి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన సవరణ మన రాష్ట్రంలో 1986లోనే వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లను అది వదిలేసింది, ఆ లోటును 2005 కేంద్ర సవరణ పూడ్చింది. ఇన్నేళ్లయినా భూమి కొనుగోలుదారు వచ్చినప్పుడే ఆడపిల్ల సంతకం గుర్తుకు రావడం మానలేదు. ఆమె పేరు ముందే పాసు పుస్తకంలో ఉంటే బేరం దగ్గర ఆమె కూడా కూర్చుంటుంది.

ఇది సాధ్యమా అని సందేహించేవాళ్లకు దూబగుంట గుర్తుచేయాలి. 1992లో ఈ నెల్లూరు జిల్లాలోనే అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు సారా అంగళ్లు మూయించారు, వేలంపాటలు ఆపించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ వేలంపాటల్లోనూ కాగితాలన్నీ కాంట్రాక్టర్ల చేతుల్లోనే ఉన్నాయి. అయినా ఆడవాళ్లు వెళ్లి నిలబడ్డారు. ఇప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ షామియానాల కింద కూడా అలాగే నిలబడాలి, ఈసారి సంతకం చేసిన ప్రతిని చేత్తో పట్టుకునే ఇంటికి రావాలి.