అమానత్

రంజాన్ రాత్రి. మదీనా నుంచి చార్మినార్ దాకా ఇసకేస్తే రాలని జనం. ఆ ఇరుకులో మీ బండికి జానెడు జాగా చూపించేదెవరు? నోట్లో ఈల, చేతిలో చిట్టీల కట్ట. మేమే. మీరు గాజులు బేరమాడి, హలీం తిని వచ్చేదాకా మీ బండి మా దగ్గర అమానత్. అంటే నమ్మి అప్పగించిన సొత్తు. అమానత్‌లో ఖయానత్ చేసినవాడు మా మస్జిద్‌లో తలెత్తుకోలేడు.

తిరిగొచ్చాక మీరేమంటారు? 'రోడ్డు నీ అబ్బ సొత్తా?'

కాదు. మరి టెండరు పాడుకున్న కాంట్రాక్టరు అబ్బ సొత్తా? మాల్ తీసుకుంటే ఫీజు. మేం పది రూపాయలడిగితే దందా. మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితమని 2018లో తెలంగాణ సర్కారు జీవో తీయాల్సొచ్చింది. అంతకుముందు ఎంతెంత గుంజినా ఏ మాల్‌నూ ఎవరూ 'ఒరేయ్' అనలేదు.

మాలో మోసగాళ్లు లేరనం. దొంగ చిట్టీలు అచ్చేసేవాళ్లున్నారు, పైసలివ్వకపోతే గాలి తీసేవాళ్లున్నారు. వాళ్లను మేమే ముందు తిడతాం. కానీ ఒకడి తప్పు అందరికీ పూసే న్యాయం మాకొక్కరికే ఎందుకు?

2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లిన మా పిల్లల్లో ఎందరో కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు బాంబులు కట్టి పేల్చారు. ఆ నేరం చేసినవాళ్లకు 2016లో కోర్టు శిక్ష వేసింది. అనుమానపు చూపుల శిక్ష మాత్రం మాకింకా నడుస్తోంది. ఎవరూ తీసుకెళ్లని బండి ఒకటి మిగిలితే మా గుండె జారుతుంది. పోలీసు మొదట అడిగేది బండెవరిదని కాదు. 'నీ పేరేంటి?'

ఈ పనిలోకి సరదాకొచ్చామా? ముస్లిం మగ కార్మికుల్లో నూటికి 12 మందికి పైగా వీధుల్లో అమ్ముకుని బతుకుతున్నారని, దేశం మొత్తమ్మీద అది 8 లోపేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆఫీసు తలుపు తెరుచుకోనివాడికి మిగిలేది వీధే.

2014 వీధి వ్యాపారుల చట్టం సరుకులమ్మేవాళ్లనే కాదు, వీధిలో సేవలు చేసేవాళ్లనూ లెక్కలోకి తీసుకుంది. బండి కాయడం సేవ కాదా? మాకో గుర్తింపు కార్డివ్వండి. రేటు రాసి బోర్డు పెట్టండి. తప్పు చేస్తే కార్డు లాక్కోండి.

చిట్టీ చూపిస్తే మీ బండి మీకిచ్చేస్తాం. మీ పేరడగం, మీ మతమడగం. ఈ నగరంలో మా జాగా మాకివ్వడానికి మీరింకా ఏ చిట్టీ అడుగుతున్నారు?