ఆ పిల్ల ఎలా పడుకుంటోందని అడిగారా?

నగరిలో పిల్లలకు దగ్గొస్తే కారణం ముందే సిద్ధంగా ఉంటుంది. పవర్‌లూమ్‌ల దగ్గర లేచే దూది నుసి పడలేదంటారు, సిరప్ రాస్తారు. వారానికి తగ్గకపోతే యాంటీబయాటిక్ మారుస్తారు. ఆయాసం మొదలైతే నెబులైజర్ పెట్టి ఇంటికి పంపేస్తారు. నెల దాటాక ‘ప్రైమరీ కాంప్లెక్స్’ అనేసి, కఫం పరీక్ష కూడా లేకుండానే టీబీ మందులు మొదలుపెట్టేవాళ్లున్నారు. అన్ని చీటీలు రాసిన చేతికి, ఛాతీకి ఒక్క ఎక్స్‌రే రాయడానికేమైంది?

గుండెకు ముందూ వెనకా పిల్లలకు గడ్డలు వస్తాయి. అరుదే, కానీ వస్తాయి. ముందు భాగంలో లింఫోమా, టెరటోమా. మధ్యలో పుట్టుకతో వచ్చిన నీటి తిత్తులు, టీబీతో ఉబ్బిన బిళ్లలు. వెనక వెన్నెముక పక్కన న్యూరోబ్లాస్టోమా. కొన్నిటిని ఆపరేషన్ చేసి తీసేస్తే పిల్ల బాగుపడుతుంది. లింఫోమా అనే క్యాన్సర్‌కైతే కీమోథెరపీ కావాలి. ఏ గడ్డో తేల్చకుండా ఏ మందు ఇస్తారు? ఆయాసానికని గుడ్డిగా ఇచ్చిన స్టెరాయిడ్‌కు లింఫోమా తాత్కాలికంగా కరుగుతుంది. తగ్గిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అది మళ్లీ పెరుగుతుంది, ఈసారి ముక్క తీసి చూసినా ఏ రకమో తేలకపోవచ్చు.

“రాత్రంతా కూర్చునే ఉంటాది సార్, పండుకుంటే దగ్గు” అంటుంది తల్లి. గోడకు ఆనుకుని, దిండు వాటేసుకుని కునుకు తీసే పిల్ల. పొద్దునకల్లా ముఖం ఉబ్బి ఉంటుంది, మెడ మీద నరాలు తేలి ఉంటాయి. బల్లకు అవతలున్న మనిషి తలెత్తడు, రాస్తూనే ఉంటాడు. రోగమంతా ఆ తల్లి మాటలో, ఆ పిల్ల ముఖంలో ఉంది! లోపల ఏదో శ్వాసనాళాన్ని నొక్కుతోందని ఆమె తనకు తెలిసిన మాటల్లో చెప్పేసింది, తల నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను అదుముతోందని ఉబ్బిన ముఖమే చెబుతోంది. వినకపోతే ప్రాణమే పోవచ్చు. ఇలాంటి పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మత్తిచ్చి సీటీ స్కాన్ తీయబోతే ఊపిరి అక్కడికక్కడే ఆగిపోయే ప్రమాదముంది. అందుకే తెలిసిన వైద్యులు ముందు రక్తపరీక్షలు చూస్తారు, మెడలో బిళ్ల దొరికితే అంతమేరకే మొద్దుబార్చి ముక్క తీస్తారు.

పక్కటెముక మీద గడ్డ లేస్తే ఇంకో దారుణం. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు. కానీ దెబ్బ తగలకుండా లేచి, నానాటికీ పెరిగే గడ్డ ఈవింగ్ సార్కోమా అనే క్యాన్సర్ కావచ్చు. దానికి నూనె రాసి పిసికించకండి, కట్టు కట్టించకండి.

అలాగని ఎక్స్‌రేలో ప్రతి నీడా జబ్బేనని భయపెట్టడమూ నిర్లక్ష్యమే. పసిపిల్లల ఎక్స్‌రేలో థైమస్ గ్రంథి వెడల్పుగా కనిపించడం మామూలు. చూసేవాళ్లకు ఆ మాత్రం తెలిసి ఉండాలి.

సాయం అందనంత దూరంలో ఉంటే విధి అని సరిపెట్టుకునేవాళ్లం. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఉంది, టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వేలూరులో సీఎంసీ. చెన్నై అడయార్‌లో 1954 నుంచీ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. నగరి పక్కనే ఏకాంబరకుప్పంలో రైలెక్కితే ఇటు రేణిగుంట, అటు అరక్కోణం. ఇన్నిటి మధ్య ఉన్న ఊళ్లో పిల్ల నెలల తరబడి కూర్చుని నిద్రపోవడమేమిటి? మగ్గం ఆపితే ఆ పూట కూలి లేని తండ్రి, పనికిరాని మందులకు ఎన్నిసార్లు అప్పు చేయాలి?

క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో సంపన్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా బతికి బయటపడుతున్నారని, చాలా పేద దేశాల్లో 30 మంది కూడా దక్కడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలస్యంగా కనుక్కోవడం, జబ్బును పొరబడటం అందుకు కారణాల్లో ఉన్నాయని కూడా చెబుతోంది.

డాక్టర్లూ, మీ ముందు కూర్చున్న పిల్ల మెడ తడిమి చూడండి. రాత్రి ఎలా పడుకుంటోందో అడగండి. అమ్మల్లారా, రెండు మూడు వారాలైనా దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించమని అడగండి. పడుకుంటే ఊపిరాడకపోయినా, ముఖం ఉబ్బినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. విసుక్కుంటారని, కోప్పడతారని వెనక్కి తగ్గకండి. చీటీ మీద ఎక్స్‌రే అని రాసేదాకా కుర్చీలోంచి లేవకండి.