డెబ్భై దాటినవారికి ఆరోగ్య కార్డు: ఆసుపత్రి గడపకు ఇవతల ఏముంది?

2024 అక్టోబరు 29న, ధన్వంతరి జయంతి నాడు, డెబ్భై ఏళ్లు నిండిన పౌరులందరికీ ఆయుష్మాన్ భారత్‌ను వర్తింపజేసే పథకాన్ని ప్రధాని నరేంద్ర మోడీ ఢిల్లీలో ప్రారంభించారు. ఆదాయంతో నిమిత్తం లేదు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చును ప్రభుత్వమే భరిస్తుంది. సుమారు 4.5 కోట్ల కుటుంబాల్లోని 6 కోట్ల మంది వృద్ధులకు మేలు జరుగుతుందని అంతకు ముందు నెలలోనే కేంద్ర మంత్రివర్గం లెక్క చెప్పింది. ప్రారంభ వేదిక మీది నుంచే ప్రధాని ఢిల్లీ, పశ్చిమ బెంగాల్ వృద్ధులకు క్షమాపణ చెప్పారు. ఆ రెండు రాష్ట్ర ప్రభుత్వాలు పథకంలో చేరనందున వారికి సేవ చేయలేకపోతున్నానన్నది ఆయన మాటల సారాంశం. నాలుగు నెలలు తిరగకుండానే ఢిల్లీలో ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్‌లో పథకం అక్కడికీ వచ్చింది.

కార్డు ఎవరి ఘనత, ఎవరు అడ్డుపడ్డారు అన్న చుట్టూనే చర్చ తిరిగింది. ఆ కార్డు చేతబట్టుకున్న ముసలి మనిషికి వచ్చే జబ్బులు ఏమిటి, వాటికి వైద్యం ఎక్కడ జరగాలి అన్న ప్రశ్న మాత్రం పార్లమెంటులోనూ బయటా పెద్దగా వినిపించలేదు.

పథకానికి దక్కవలసిన మర్యాద దానికి దక్కాలి. గుండెకు స్టెంటు వేయించాలన్నా, మోకాలి కీలు మార్పించాలన్నా పొలమో పుస్తెలతాడో అమ్ముకునే దేశంలో డెబ్భై ఏళ్ల మనిషి డబ్బు కట్టకుండా శస్త్రచికిత్స చేయించుకోగలగడం చిన్న విషయం కాదు. అయితే ఇది ఆసుపత్రిలో చేరినవారికి ఇచ్చే భరోసా. చేరికకు ముందు 3 రోజులు, ఇంటికి పంపిన తరువాత 15 రోజులు - పరీక్షలకు, మందులకు పథకం పెట్టుకున్న హద్దులు ఇవి. ఓపీలో చూపించుకుని మందుల చీటీతో ఇంటికి వచ్చే రోగి ఆ హద్దులకు అవతలే ఉండిపోతాడు. ముసలితనపు జబ్బుల్లో అత్యధిక భాగం సరిగ్గా ఆ అవతలే ఉన్నాయి.

తుంటి ఎముక సంగతి చూస్తే ఇది స్పష్టమవుతుంది. ముట్లు ఆగిపోయిన తరువాత ఆడవారిలో ఎముకలు వేగంగా గుల్లబారతాయి. నొప్పి ఉండదు, గుర్తు ఉండదు. డెక్సా స్కాన్ తీస్తే తెలుస్తుంది. తెలిస్తే వైద్యమూ ఉంది: కాల్షియం, విటమిన్ డి, వారానికో మాత్ర, లేదా ఏడాదికి ఒక్కసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, జారని నేల, కంటి శుక్లానికి సకాలంలో ఆపరేషన్, నిద్రమాత్రల వాడకం మీద కాస్త నిఘా ఉంటే పడిపోవడమే తగ్గుతుంది. వీటిలో శుక్లం ఆపరేషన్ ఒక్కటి తప్ప మరేదీ కార్డు పరిధిలోకి రాదు.

ఆ ముసలమ్మ ఒక తెల్లవారుజామున పడి తుంటి విరగ్గొట్టుకుంటే అప్పుడు కార్డు పలుకుతుంది. శస్త్రచికిత్సకు ప్యాకేజీ ఉంది. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరిగిపోవాలని వైద్య ప్రమాణాలు చెబుతాయి. మండల కేంద్రం నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి నగరానికి పంపుతూ పోతే ఆ గడువు దారిలోనే తీరిపోతుంది. సరే, సకాలంలోనే జరిగిందనుకుందాం. ఇంటికి వచ్చిన పదహారో రోజు నుంచి ఆమెను లేపి నడిపించే ఫిజియోథెరపిస్టు ఖర్చు ఎవరిది? కదలక పడుకుంటే వీపున పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. తుంటి విరిగిన వృద్ధుల్లో ఐదో వంతు, కొన్నిచోట్ల అంతకు మించి, ఏడాది తిరగకుండానే మరణిస్తున్నారని అనేక దేశాల అనుభవం. ఎముక విరగకుండా చూసే కొద్దిపాటి ఖర్చుకు డబ్బు లేదంటున్న రాజ్యం విరిగిన తరువాత ఎన్నో రెట్లు చెల్లిస్తోంది. అది కూడా సగం దారి వరకే.

మగవారి విషయంలో ప్రోస్టేట్ గ్రంథి ఇదే కథను మరో రకంగా చెబుతుంది. వయసుతో పాటు గ్రంథి పెరుగుతుంది, మూత్రం ధార సన్నబడుతుంది, రాత్రి నాలుగైదు సార్లు లేవవలసి వస్తుంది. టామ్సులోసిన్ వంటి మాత్ర రోజూ వేసుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. మాత్ర సొంత ఖర్చు. మూత్రం పూర్తిగా బంధించి, గొట్టం వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తితే ఆపరేషన్ ఉచితం. ఆడవారిలో గర్భసంచి జారడం, మూత్రం ఆపుకోలేకపోవడం ఇంకా మరుగున ఉండే బాధలు. దగ్గితే తడిసిపోతున్నానని కూతురితో చెప్పుకోవడానికే సిగ్గుపడే తరం అది. పెళ్లిళ్లకు, గుడికి వెళ్లడం మానేస్తారు. వయసు మీద పడింది కదా అని ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు. నెలసరి ప్యాడ్ల మీద జీఎస్టీని 2018లోనే ఎత్తివేశారు. వృద్ధులు వాడే డయాపర్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగడానికి 2025 సెప్టెంబరు రావలసి వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తయితే బీపీ, షుగర్ ఒక ఎత్తు. 2017-18లో క్షేత్రస్థాయిలో జరిపి, 2021 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన లాసీ సర్వే ప్రకారం అరవై దాటినవారిలో 75 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధి ఉంది. ఈ జబ్బులకు కావలసింది ఏడాదికోసారి పెద్ద ఆసుపత్రి కాదు, ప్రతి ఉదయం ఒక మాత్ర. బీపీ మాత్ర కొన్నేళ్లు మానిన మనిషికి పక్షవాతం వస్తే దాని చికిత్సకు కార్డు పనికొస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ మందులు ఉచితమే కదా అనవచ్చు. కాగితం మీద నిజమే. కేంద్రం ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆటోకు డబ్బు లేకపోతే, వెళ్లిన రోజున మందు నిండుకుని ఉంటే, ఆ మనిషి ఊళ్లోని మందుల షాపులో వారానికి సరిపడా కొని రెండు వారాలు వాడుకుంటాడు. ప్రయాణం మాట వచ్చింది కనుక, మగవారికి 40 శాతం, ఆడవారికి 50 శాతం ఉన్న రైలు రాయితీని 2020 మార్చిలో కోవిడ్ పేరిట తీసేశారు. కోవిడ్ పోయాక కూడా అన్ని విజ్ఞప్తులకూ ఖజానా భారమే జవాబయింది.

మతిమరుపు వ్యాధి మరీ దిక్కులేనిది. లాసీలో భాగంగా జరిగిన అధ్యయనం ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. స్త్రీలలో నిష్పత్తి ఇంకా ఎక్కువ. నయం చేసే మందు లేదు. కావలసింది చూసుకునే మనిషి. ఆ మనిషి దాదాపు ప్రతి ఇంట్లోనూ భార్య, కోడలు, లేదా పెళ్లి కాని కూతురు. అరవై దాటిన స్త్రీలలో సగానికి పైగా వితంతువులు గనుక, భర్తను చివరిదాకా సాకిన స్త్రీని సాకడానికి మాత్రం తరచూ ఎవరూ మిగలరు.

మరి రాజ్యం ఆసుపత్రి వైపే ఎందుకు మొగ్గుతుంది? తెలుగువారికి ఈ చరిత్ర కొత్త కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. గుండె జబ్బు పిల్లలకు, కేన్సర్ రోగులకు అది ప్రాణభిక్ష పెట్టిన మాట వాస్తవం. ఓట్లు తెచ్చిన మాటా వాస్తవమే. ప్రభుత్వ డబ్బు ప్రైవేటు కార్పొరేట్ ఆసుపత్రులకు తరలిపోతుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు నీరసించాయన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. దానిని పట్టించుకోకుండానే ఆ నమూనాను 2018లో దేశమంతటికీ విస్తరించారు. బతికించిన ఆపరేషన్ కనిపిస్తుంది, లబ్ధిదారుడి ఫొటో తీయవచ్చు. రాకుండా పోయిన పక్షవాతానికి ఫొటో ఉండదు. పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు, ఆ పైకి పెంచే పోటీలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పార్టీలు ఒకదాన్ని మించి ఒకటి హామీ ఇచ్చాయి. బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలూ రెండు రాష్ట్రాల్లో వచ్చాయి.

ఇక దక్షిణాది రాష్ట్రాలు వృద్ధాప్యం గురించి మాట్లాడటం లేదా అంటే, చాలా మాట్లాడుతున్నాయి. 2021 అంచనాల ప్రకారం జనాభాలో అరవై దాటినవారు కేరళలో 16.5 శాతం, తమిళనాడులో 13.6, ఆంధ్రప్రదేశ్‌లో 12.4; బీహార్‌లో 7.7 మాత్రమే. ఈ అంకెలను ముందు పెట్టి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరులో ఎక్కువ మంది పిల్లల్ని కనమన్నారు. స్టాలిన్ కూడా అదే నెలలో నియోజకవర్గాల పునర్విభజనను గుర్తు చేస్తూ అలాంటి మాటే చమత్కరించారు. నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసింది. లోక్‌సభ సీట్ల గురించిన ఆందోళన న్యాయమైనదే. కానీ ఇవాళ పుట్టే బిడ్డ పన్ను కట్టే వయసుకు రావడానికి పాతికేళ్లు పడుతుంది. ఇవాళ డెబ్భై దాటిన మనిషికి అంత వ్యవధి లేదు.

కేంద్రం వైపు నుంచి చూస్తే పరిస్థితి మరింత పలచన. ఇందిరా గాంధీ జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా అరవై దాటినవారికి ఇప్పటికీ నెలకు 200 రూపాయలు, ఎనభై దాటినవారికి 500. ఆంధ్రప్రదేశ్ ఇచ్చే 4,000లో, తెలంగాణ ఇచ్చే 2,016లో మిగిలినదంతా రాష్ట్రాల సొమ్మే. 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని జీడీపీలో 2.5 శాతానికి చేరుస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం వాగ్దానం చేసింది. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాలు, అదీ కోవిడ్ ఏడాదిలో, 1.84 శాతం చూపించాయి. మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు జేబులో నుంచే పెట్టుకున్నారు.

డబ్బు లేదన్న వాదనకు పొరుగు రాష్ట్రాలే జవాబు. తమిళనాడు 2021 ఆగస్టులో ప్రారంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’లో మహిళా ఆరోగ్య కార్యకర్తలు బీపీ, షుగర్ మందులను ఇంటికే తెచ్చి ఇస్తారు; మంచం పట్టినవారికి ఫిజియోథెరపీ, ఉపశమన వైద్యం ఇంట్లోనే అందుతాయి. కేరళ 2008లోనే ఉపశమన వైద్యానికి ప్రత్యేక విధానం తెచ్చి, పంచాయతీల ఆధ్వర్యంలో నర్సులను ఇళ్లకు పంపుతోంది. ఈ రెండు రాష్ట్రాల్లోనూ లోపాలు ఉన్నాయి, మందులు ఆలస్యమైన ఫిర్యాదులూ ఉన్నాయి. అయినా వైద్యం రోగి ఉన్న చోటికి వెళ్లాలన్న సూత్రాన్ని అవి అంగీకరించాయి.

నిజానికి కేంద్రం కూడా ఎప్పుడో అంగీకరించింది. 2010-11లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం మార్గదర్శకాలు చూస్తే పైన చెప్పినవి చాలావరకు అందులో కనిపిస్తాయి: జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు 10 పడకల వార్డు, ఫిజియోథెరపీ విభాగం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికో రోజు ప్రత్యేక క్లినిక్, మంచం పట్టినవారి ఇంటికి ఆరోగ్య సిబ్బంది రాక, చేతికర్రల వంటి సహాయక పరికరాలు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంరక్షణ చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు పడకలు, వేరే వరుస ఉండాలంటుంది. 2018 డిసెంబరులో సుప్రీం కోర్టు జిల్లాల వారీగా వృద్ధులకున్న వైద్య సౌకర్యాల వివరాలు సేకరించమని కేంద్రాన్ని ఆదేశించింది. కొత్త పథకమో కొత్త కార్డో అక్కర్లేదు. ఏ మండలంలో, ఏ కేంద్రంలో, వారంలో ఏ రోజున ఆ క్లినిక్ నడుస్తోందో వచ్చే శాసనసభ సమావేశాల్లో ఒక్క సభ్యుడు నక్షత్రం గుర్తు లేని ప్రశ్న వేసినా చాలు, మంత్రి లిఖితపూర్వకంగా జవాబు చెప్పవలసి ఉంటుంది.