బొమ్మ కారుకి చిప్పెందుకు అనే పెద్దమనుషులకి

"ఇరవై ఎనిమిదేండ్లొచ్చినయ్.. పెండ్లి చేసుకోరా అంటే బొమ్మ కార్లకు లైట్లు వెట్టుకుంట కూసున్నడు" - మా అమ్మ మా మేనత్తకి ఫోన్లో చెప్పిన తాజా వార్తలివి. అమ్మ అన్నందుకు నాకేం బాధ లేదు. ఓం సూత్రంతో ఆవిడకి పని లేదు, అది రాకుండానే మమ్మల్ని ముగ్గుర్ని పెంచింది. కానీ సోమవారం ఆఫీసులో ఫోటో చూపిస్తే ఈసీఈ పట్టా ఉన్న మా టీమ్ పెద్దమనిషి కూడా ఇదే మాట నవ్వుతూ అన్నాడు. అక్కడ మండింది. ఈ రాత అందుకే.

ముందు విషయం చెప్పాలి. స్లాట్ కారంటే మన పిల్లలాడే రిమోట్ కారు కాదు. ప్లాస్టిక్ ట్రాక్‌లో సన్నటి గాడి ఉంటుంది, దానికి రెండు పక్కలా రెండు లోహపు పట్టీలు. కారు ముందు కింద ఒక రెక్క గాడిలోకి దిగుతుంది, దాని రెండు వైపులా ఉన్న రాగి జడలు పట్టీల మీద రాసుకుంటూ కరెంటు తీసుకుంటాయి. చేతిలో ట్రిగ్గరు. నొక్కినకొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది, వదిలేస్తే సున్నా. మలుపులో అత్యాశకి పోతే కారు ఎగిరి మంచం కింద తేలుతుంది. ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన తన స్కేలెక్స్ కీ కార్లకి ఎలక్ట్రిక్ మోటారు పెట్టి 1957లో స్కేలెక్స్‌ట్రిక్ అని అమ్మాడు. ఆ పేరు అట్లా పుట్టిందే.

మా అక్కావాళ్ళు న్యూజెర్సీలో ఇల్లు మారుతూ బావ చిన్నప్పటి.. కాదు కాదు, బావ పెద్దయ్యాక తన కోసం కొనుక్కున్న సెట్టొకటి నాకు పంపేశారు. రెండు కార్లు, ఎనిమిది అంకె ఆకారంలో ట్రాక్. మెదక్‌లో మా ఇంటి ముందు గదిలో పరిచాం. మా చిన్నాయన కొడుకు, ఈసీఈ ఫైనలియర్, ఉత్సాహంగా అడాప్టర్ తీసుకెళ్ళి ప్లగ్గులో గుచ్చాడు. టప్‌మని ఒక చప్పుడు, కాలిన వాసన. అమెరికాలో 120 వోల్టులు, మన గోడలో 230. అడాప్టర్ వీపు మీద రాసే ఉంది, ఇద్దరు ఇంజనీర్లలో ఒక్కడూ చదవలేదు.

రాందాస్ చౌరస్తా దగ్గర టీవీలు బాగుచేసే ముసలాయనకి పట్టుకెళ్తే, తిప్పి చూసి, "పఢే లిఖే లోగ్" అని ఒక్క ముక్క అన్నాడు. ఇంకేం అనలేదు. డబ్బులు కూడా తీసుకోలేదు, అది ఇంకా అవమానం :)

సరే, అసలు కథ లైట్లతో మొదలైంది. ఆ పాత కార్లకి లైట్లు లేవు. ఒక తెల్ల ఎల్ఈడీ, ఒక రెసిస్టర్, రెండు తీగలు రాగి జడలకి కలిపితే అయిపోతుందనుకున్నా. అయింది కూడా. తిన్నగా పోయేటప్పుడు ధగధగ, మలుపులో మినుకుమినుకు, ఆగితే చీకటి. ఎందుకంటే ఆ ట్రాక్ మీద వేగమన్నా వోల్టేజే, కరెంటన్నా వోల్టేజే. ట్రిగ్గరు వదిలితే రెండూ పోతాయి. నర్సాపూర్ అడవిలో రాత్రిపూట బ్రేకు వేయగానే హెడ్‌లైట్లు ఆరిపోయే బస్సుని ఊహించుకోండి. ఇంకోటి, ఒకే గాడిలో రెండు కార్లు పెడితే ఒక్క ట్రిగ్గరుకి రెండూ పరిగెడతాయి. ఎవరి కారు ఎవరిదో ఆ పట్టీకి తెలియదు కదా.

దీనికి మంచి బల్బు కొంటే పరిష్కారం కాదు. కరెంటునీ ఆదేశాన్నీ విడదీయాలి. 2004లో వచ్చిన స్కేలెక్స్‌ట్రిక్ డిజిటల్ చేసింది అదే. పట్టీల మీద కరెంటు ఎప్పుడూ ఉంటుంది. అవే పట్టీల మీద "ఒకటో నంబరు, ఇంత వేగం, రెండో నంబరు, ఇంత" అని సమాచారం కూడా పోతుంది. ప్రతి కారులో ఒక చిప్పు. తన నంబరు వస్తే వింటుంది, పక్కవాడిదైతే ఊరుకుంటుంది. మోటారుకి ఎంత ఇవ్వాలో ఆ చిప్పు నిర్ణయిస్తుంది. ఇట్లా రెండు పట్టీల మీద ఆరు కార్లు. కారు ఆగినా లైటు ఆరదు. గాడి మారాలంటే కారు అడుగున ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ మిణుకుతూ ఉంటుంది, ఒక్కో కారుది ఒక్కో లయ. ట్రాక్‌లోని సెన్సర్ ఆ లయని బట్టి వచ్చేదెవరో గుర్తుపట్టి కాంటా మారుస్తుంది, అచ్చం మన రైలు పట్టాల మీద లాగే. (మెదక్‌కి రైలు 2022లో వచ్చింది. ట్రాక్ చూసి మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న "మన స్టేషన్ల గూడ ఇట్లనే మారుతదారా?")

ఇప్పుడు చెప్పండి, దీన్ని బొమ్మ అంటారా? అడ్రసింగు ఉంది, ఒకే దారిలో కరెంటూ డేటా ఉన్నాయి, సెన్సర్లున్నాయి. రోజూ మీటింగుల్లో మనం గొప్పగా పలికే మాటలన్నీ ఇందులో చేత్తో తాకి చూడొచ్చు. మన కోడ్ తప్పయితే ఎర్ర గీత కనిపిస్తుంది, ఇక్కడ పొగ కనిపిస్తుంది. పొగ ఎక్కువ నేర్పుతుంది.

ఈ మధ్య వచ్చే కార్లకి అడుగున చిన్న మూత ఉంటుంది, విప్పి చిప్పు గుచ్చేస్తే నిమిషంలో పని అయిపోతుంది. మంచిదే, కాదనను. కానీ నా పాత కార్లకి ఆ భాగ్యం లేదు. రాగి జడల నుంచి మోటారుకి పోయే తీగలు కోసి, మధ్యలో చిప్పు పెట్టి, జడల వైపు రెండు, మోటారు వైపు రెండు టాకాలు వేయాలి. ఇన్‌ఫ్రారెడ్ కోసం అడుగున కన్నం తొలవాలి. చిప్పులూ, డిజిటల్ పెట్టె, గాడి మారే ముక్కలూ బావ ఇంకెవరి దగ్గరో పాతవి సంపాదించి పంపాడు. అడాప్టర్ మాత్రం ఈసారి ఇక్కడే కొన్నాం, 15 వోల్టులు, 4 ఆంపియర్లు. వీపు రెండుసార్లు చదివి మరీ.

టాకాలు వేసే పని తమ్ముడికిచ్చా. వాడు అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను. "అన్నా, ఎల్ఈడీకి రెసిస్టర్ ఎందుకు? డైరెక్ట్ వెడితే గాదా?"

నాలుగో సంవత్సరం. ఎలక్ట్రానిక్స్.

పెట్టి చూడమన్నా. ఒక్క క్షణం వెలిగి పోయింది. తర్వాత కాగితం తీసుకుని కూర్చున్నాం. ట్రాక్ మీద సమాచారం కూడా నడుస్తోంది కాబట్టి లైట్లకి ముందు నాలుగు డయోడ్లతో బ్రిడ్జి, దానికి 1.4 వోల్టులు పోతాయి. రెండు హెడ్‌లైట్లు వరసగా కలిపితే తలా మూడు చొప్పున 6. పదిహేనులోంచి తీసేస్తే మిగిలింది 7.6. పది మిల్లీ ఆంపియర్లు కావాలంటే 760 ఓములు. బజార్లో దొరికేది 820. మలుపుల్లో జడలు ఎగిరినప్పుడు లైటు మిణకకుండా 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, ముందు చిన్న రెసిస్టర్‌తో. అది కరెంటు లేకుండా అయిదో వంతు సెకను నెట్టుకొస్తుంది. ఇదంతా వాడు రెండో ఏడాదిలో పాసైన సబ్జెక్టే. డెబ్భై ఒక్క మార్కులు కూడా వచ్చాయట.

మరి ఫైనలియర్ ప్రాజెక్టు ఏంట్రా అంటే, చీకటి పడితే తనంతట తనే వెలిగే వీధి దీపం. అమీర్‌పేటలో కొన్నాడు. పన్నెండు వేలు. రిపోర్టు, బైండింగు, వైవాలో అడిగే ప్రశ్నలూ జవాబులతో సహా. మా చిన్నాయన వడ్లమ్మిన డబ్బుల్లోంచి ఇచ్చాడు. వీధి దీపం కొన్నవాడికి ఆ దీపం ముందు రెసిస్టర్ ఎందుకుందో తెలియదు, చెప్పాల్సిన కాలేజీకి అడిగే ఓపిక లేదు. బ్యాచ్‌లో ఎంతమంది కొన్నారని అడిగితే, "కొననోళ్ళు ఎవ్వరన్నా" అన్నాడు.

నేను వాణ్ణి తిట్టలేదు. నేనూ కొన్నా, నా కాలంలో రేటు తక్కువ, అంతే తేడా. మార్కులిచ్చేవాళ్ళకీ తెలుసు, కొన్నవాళ్ళకీ తెలుసు, అమ్మేవాడికి ఎటూ తెలుసు. తెలియనిది వడ్లమ్మినాయనకి ఒక్కడికే.

"ఉద్యోగం సాఫ్ట్‌వేర్ అయినప్పుడు టాకాలెందుకు బాస్? రెసిస్టర్ విలువ ఏఐ ని అడిగితే క్షణంలో చెప్తుంది" అన్నాడు మా టీమ్ పెద్దమనిషి. నిజమే, చెప్తుంది. నేను అడిగా, సరిగ్గానే చెప్పింది. కానీ కారు మూడో మలుపులో ఆగిపోతుంటే రాగి జడ అరిగిందా, టాకా ఊడిందా, పట్టీ మీద తుప్పు పట్టిందా అన్నది అరచేతిలో పట్టుకుని చూసినవాడికే తెలుస్తుంది. మా ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినప్పుడు ఇదే పెద్దమనిషి తిరిగి తిరిగి లాగులు చదివాడు, తీగ పీకి చూసింది వేరే ఊళ్ళోని టెక్నీషియన్. ఆ తీగే ఊడింది మరి.

ఇంకోపక్క బొమ్మల మీద ప్రభుత్వానికి మనకంటే గౌరవం ఎక్కువున్నట్టుంది. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి నుంచి బీఐఎస్ ముద్ర తప్పనిసరి చేశారు. అదే ఏడాది టాయ్‌కథాన్ అని పోటీ కూడా పెట్టారు. ఇక్కడే తయారవ్వాలన్నది ఉద్దేశం. సంతోషం. నిర్మల్‌లో పొణికి కర్ర చెక్కేవాళ్ళు, ఏటికొప్పాకలో లక్క పట్టించేవాళ్ళు తమ పని తాము ఎప్పటినుంచో చేస్తున్నారు. మోటారు, చిప్పు, లైటు ఉన్న బొమ్మ ఎవరు చేయాలి? ఆ ముసలాయన చేయగలడు, ఆయనకి డెబ్భై దాటాయి. చేయాల్సిన వయసున్న మా తమ్ముడికేమో పన్నెండు వేలకి వీధి దీపం అమ్మారు. సుంకం ఎంత పెంచినా కన్నం తొలిచే చెయ్యి మనదే కావాలి కదండీ.

"పిల్లల్ని రోబోటిక్స్ క్లాసులో వేశాం" అని మీరంటారని తెలుసు. చూశాను ఆ కిట్లు. అన్నీ గుచ్చేవే, ఒక్కటీ కాలదు. కాలనిదాంట్లో ఏం నేర్చుకుంటారో నాకర్థం కాలేదు.

మొన్న ఆదివారం సంగతి చెప్పి ఆపుతా. మొదటి కారుకి లైట్లు వెలిగాయి, ఆగినా ఆరలేదు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, గదిలో లైటు తీసేసి, రెండు నిమిషాలు నిలబడి చూసింది. ఏమీ అనకుండా లోపలికెళ్ళింది. కానీ గాడి మాత్రం మారట్లేదు. తమ్ముడు కన్నం రెండు మిల్లీమీటర్లు పక్కకి తొలిచాడు, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ మీద పడట్లేదు. నేను విప్పబోతే, "నువ్వు ముట్టకన్నా, నేనే జేస్త" అని కారు లాక్కున్నాడు. వచ్చే శనివారం వాణ్ణి తీసుకుని కోఠీ గుజరాతీ గల్లీకి పోవాలి, సన్నటి డ్రిల్ ముక్కలు కావాలట. అట్లనే ఆ వీధి దీపాన్ని కూడా విప్పుతానంటున్నాడు. వైవా అయ్యాకేనని చిన్నాయన గొడవ.