విడిపోయే దారికీ నిబంధన ఉండాలి

2009 ఆగస్టు 19న అమెరికాలోని మినియాపొలిస్ నగరం నడిబొడ్డున సుడిగాలి విరుచుకుపడింది. సెంట్రల్ లూథరన్ చర్చి శిఖరం మీది శిలువ దెబ్బతింది. పక్కనే ఉన్న కన్వెన్షన్ సెంటర్లో అమెరికా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి మహాసభ జరుగుతోంది. చర్చ లైంగికత మీద, అందులోనూ స్వలింగ సంబంధాల మీద. అదే రోజు ఓట్లు లెక్కిస్తే అనుకూలం 676, వ్యతిరేకం 338. తీర్మానం నెగ్గడానికి మూడింట రెండు వంతులు కావాలి. సరిగ్గా అంతే వచ్చాయి. ఆ ఊరి బాప్టిస్టు పాస్టరు జాన్ పైపర్ ఆ గాలిని దేవుడి హెచ్చరికగా వ్యాఖ్యానించారు. ఆ లెక్కన, ఒక్క ఓటు తగ్గినా వీగిపోయే తీర్మానం గట్టెక్కడాన్ని కూడా దైవనిర్ణయమని ఇంకొకరు అనవచ్చు. వాతావరణంలో వేదాంతం వెతికితే వచ్చే చిక్కే ఇది.

రెండు రోజుల తర్వాత మరో ఓటు జరిగింది. స్వలింగ భాగస్వామితో జీవితకాల నిబద్ధతతో ఉంటున్నవారికి పాస్టరు పదవి ఇవ్వవచ్చని 559 మంది, వద్దని 451 మంది అన్నారు. ఆ తర్వాత సంఘాలు బయటికి నడవడం మొదలైంది. పదివేలకు పైగా సంఘాలున్న ఆ శాఖ నుంచి కొన్నేళ్ళలోనే ఆరువందలకు పైగా వెళ్ళిపోయాయి. వాటిలో కొన్ని 2010 ఆగస్టులో ఒహాయో రాష్ట్రంలో పుట్టిన నార్త్ అమెరికన్ లూథరన్ చర్చిలో చేరాయి. మరికొన్ని 2001లోనే ఏర్పడిన ఎల్.సి.ఎం.సి. అనే సంఘాల కూటమిలో కలిశాయి.

ఆ 2001 అనే ఏడాదిని చాలామంది పట్టించుకోరు. అప్పటి గొడవకు, స్వలింగ సంబంధాలకు ఏమీ పొత్తు లేదు. ఎపిస్కోపల్ చర్చితో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇకపై పాస్టర్ల అభిషేకం బిషప్పుల చేతుల మీదుగానే జరగాలి. ఆ బిషప్పులు అపొస్తలుల కాలం నుంచి వస్తోందని చెప్పే వరుసలోకి చేరాలి. మినెసోటా వంటి చోట్ల, నార్వే నుంచి వలస వచ్చినవారి సంఘాల్లో బిషప్పుల పెత్తనమంటే తరాల నుంచీ అనుమానం. సువార్తకు అదనంగా మరో షరతు పెట్టే హక్కు మీకెవరిచ్చారని వాళ్ళు నిలదీశారు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఏడో అధ్యాయం వాళ్ళ ఆయుధం. సువార్త బోధనలో, సంస్కారాల విషయంలో ఏకీభావం ఉంటే సంఘ ఐక్యతకు చాలునని, మనుషులు పెట్టిన ఆచారాలు అన్నిచోట్లా ఒకేలా ఉండనక్కర్లేదని అందులో ఉంది.

చిత్రమేమిటంటే, 2009లో తీర్మానాన్ని సమర్థించినవారికీ ఆ అధ్యాయమే ఆసరా అయింది. పాస్టరు ఎవరు కావాలన్నది సువార్తకు సంబంధించిన మాట కాదని వీళ్ళంటే, వాక్యం చెప్పినదాన్ని ఓట్లతో మార్చడం సువార్తను తాకినట్టేనని వ్యతిరేకించినవాళ్ళన్నారు. మహాసభ మధ్యేమార్గం వెతికింది. ఈ విషయంలో సభ్యుల మధ్య నాలుగు రకాల అభిప్రాయాలున్నాయని రాసి, ఎవరి మనస్సాక్షి వారిని బంధిస్తుంది గనుక అందరూ కలిసే ఉండవచ్చంది. మనస్సాక్షి మాట లూథరుదే, 1521లో వర్మ్స్ సభ ముందు ఆయన చెప్పినదే. కానీ తన మనస్సాక్షి దేవుని వాక్యానికి బందీ అని లూథరు అన్నది, పక్కవాడి అభిప్రాయమూ సరైనదేనని ఒప్పుకోవడానికి కాదు. ఇక్కడ విడిపోయినవారి వాదనలో బలముంది. వాళ్ళ నిర్ణయంతో ఏకీభవించనివారైనా ఇది ఒప్పుకోవాలి.

లూథరన్లకు ఇలా విడిపోవడం కొత్త కాదు. ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియం 1817లో లూథరన్లను, రిఫార్మ్‌డ్ సంఘాలను ఒకే చర్చిగా కలిపాడు. తర్వాత ఆరాధన క్రమాన్ని కూడా తానే రాసి, అందరూ అదే పాటించాలన్నాడు. సైలీషియాలోని హోనిగర్న్ గ్రామస్థులు ఒప్పుకోలేదు. పాస్టరును పదవి నుంచి తొలగిస్తే చర్చి చుట్టూ కాపలా కాశారు. 1834 క్రిస్మస్ ముందు సైన్యం వచ్చి వాళ్ళను చెదరగొట్టి తలుపులు పగలగొట్టింది. నాలుగేళ్ళు తిరిగేసరికి అలాంటి సంఘాలు ఇల్లూవాకిలీ వదిలి ఓడలెక్కాయి. పాస్టరు ఆగస్ట్ కావెల్ వెంట వచ్చినవాళ్ళు 1838లో దక్షిణ ఆస్ట్రేలియా చేరి, క్లెంజిగ్ అనే ఊరు కట్టుకున్నారు.

సిద్ధాంతం కోసం సముద్రం దాటినవాళ్ళు అక్కడైనా కలిసి ఉన్నారా? 1846లో క్రీస్తు వెయ్యేళ్ళ పాలన గురించిన తగాదాతో కావెల్ ఒకవైపు, ఫ్రిట్చే అనే మరో పాస్టరు ఒకవైపు అయ్యారు. ఆ చీలిక పూడి, ఒకే లూథరన్ చర్చి ఏర్పడటానికి 1966 దాకా పట్టింది. నూట ఇరవై ఏళ్ళు! ఆ చర్చి 2024 అక్టోబరులో మహిళలకు పాస్టరు అభిషేకం ఇవ్వాలని తీర్మానించింది. దాన్ని అంగీకరించని సంఘాలు మళ్ళీ వేరుదారి పట్టాయి.

ఇంత చరిత్ర చూశాక ఒక మాట నిర్మొహమాటంగా అనాలి. విశ్వాసం పేరిట విడిపోవడాన్ని ఏ రాజూ, ఏ బిషప్పూ ఆపలేడు. పెద్దలు చేయగలిగింది ఆ విడిపోవడానికి ఒక పద్ధతి పెట్టడమే.

ఆ పని అమెరికా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి తన నిబంధనావళిలో ముందే చేసింది. సంఘం సభ పెట్టి మూడింట రెండు వంతుల ఓట్లతో తీర్మానించాలి. తర్వాత కనీసం తొంభై రోజులు బిషప్పుతో సంప్రదింపులు జరపాలి. ఆపైన మళ్ళీ ఓటు, మళ్ళీ మూడింట రెండు వంతులు. వేరే లూథరన్ శాఖలో చేరేట్టయితే చాలా సంఘాల భవనం, స్థలం వాటికే ఉంటాయి. లూథరన్ పేరే వదులుకుంటేనో, పాత ఎల్.సి.ఎ. శాఖ నుంచి వచ్చిన సంఘమైతేనో సినడ్ అనుమతి కావాలి. ఆవేశంలో వేసిన ఓటు తొంభై రోజుల తర్వాతా నిలిస్తే అది ఆవేశం కాదని తేలుతుంది.

పొరుగు శాఖల అనుభవం చూస్తే దీని విలువ తెలుస్తుంది. జార్జి వాషింగ్టన్‌కు సంబంధమున్న వర్జీనియాలోని ఫాల్స్ చర్చి 2006 చివర ఎపిస్కోపల్ శాఖను వదలాలని ఓటేసింది. భవనం ఎవరిదన్న వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచి, 2013లో రాష్ట్ర సుప్రీంకోర్టు డయోసిస్‌కే దక్కుతుందని తేల్చింది. యునైటెడ్ మెథడిస్టులు 2019లో తాత్కాలిక నిబంధన పెట్టి, శాఖకు రావలసిన బకాయిలు, పింఛను భారం చెల్లిస్తే ఆస్తితో వెళ్ళనిచ్చారు. 2023 చివరికల్లా 7,600కు పైగా సంఘాలు ఆ తలుపు గుండా వెళ్ళాయి.

లూథరన్ల పద్ధతిలో లోపం లేదని కాదు. నూటికి డెబ్భై మంది ఔనంటే మిగిలిన ముప్పై మంది ఓడిపోతారు. తాత బాప్తిస్మం పొందిన తొట్టి, నానమ్మ సమాధి ఉన్న చోట వాళ్ళు అతిథులైపోతారు. నిబంధనావళిలో అలాంటివారి గురించి మరో పేరా ఉంటే బాగుండేది. ఇక 1988లో 52 లక్షలకు పైగా సభ్యులతో మొదలైన ఆ లూథరన్ శాఖలో ఇప్పుడు 30 లక్షల మంది కూడా లేరు. ఈ తరుగుదల అంతా విడిపోయిన సంఘాల వల్ల కాదు. కొత్త తరం రాకపోవడమూ పెద్ద కారణమే.

తెలుగువాళ్ళకు ఇదంతా పరాయి కథేమీ కాదు. 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టిన మిషనరీ హయ్యర్‌ను పంపింది పెన్సిల్వేనియా లూథరన్లు. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చికి మాతృసంస్థ అయిన మిషనుకు వారసురాలే అమెరికా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలైతే మినెసోటాకు సరిగ్గా తిరగేసిన ఉదాహరణ. బిషప్పు అభిషేకం లేని పాస్టర్లనూ చేర్చుకుంటున్నారన్న అభ్యంతరంతో, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వాటిలో పలు సంఘాలు చేరకుండా నిలిచిపోయాయి. 1970లలో గానీ కలవలేదు.

నంద్యాలవారిది నిజమైన సిద్ధాంత భేదం. ఈ రోజుల్లో తెలుగునాట చర్చిల తగాదాలు ఎక్కువగా పదవుల దగ్గర, స్థలాల దగ్గర మొదలై కోర్టుల్లో తేలుతున్నాయి. మధ్యలో ఎప్పుడో వాటికి సిద్ధాంతమనే పేరు తగిలిస్తారు. అందుకే సినడ్ పెద్దలు, డయోసిస్ కౌన్సిళ్ళు గొడవ రాకముందే తమ నిబంధనావళిలో నాలుగు సంగతులు రాసుకోవాలి: ఎన్ని ఓట్లు కావాలి, ఎన్నాళ్ళు ఆగాలి, ఆస్తి ఎవరిది, ఓడిన మైనారిటీ ఎక్కడ ఆరాధించుకోవాలి. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలోనే దీన్ని చేర్చమని సభ్యులు అడగాలి.