రంగుకు లక్ష, బ్రేకులకు బిస్మిల్లా!

మొన్న కోదాడలో మావాళ్ల ఇంట షాదీ. బరాత్‌కు పూలతో సజాయించిన తెల్ల అంబాసిడర్ వచ్చింది. అద్దంలా మెరిసే పెయింటు, కొత్త సీట్లు, లోపల మ్యూజిక్ సిస్టం. దాని చుట్టూ ఒకటే సెల్ఫీలు. కారు మిర్యాలగూడలో ఉండే మామూది. రంగుకూ సీట్లకూ లక్ష దాటిందని ఫఖర్‌గా చెప్పారు.

"బ్రేకులు ఎలా ఉన్నాయి మామూ?" అనడిగాను.

"అరే బేటా, అల్లా మాలిక్ హై. రెండు మూడు సార్లు పంపు కొడితే పట్టేస్తాయి" అన్నారు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. నేను ఏడో జమాత్‌లో ఉన్నప్పుడు మా అబ్బా దగ్గరా అంబాసిడరే ఉండేది. జాన్‌పహాడ్ దర్గా నుంచి సూర్యాపేటకు తిరిగొస్తుంటే గేదె అడ్డం వచ్చింది. అబ్బా తొక్కిన పెడల్ కింది దాకా దిగిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని పొలంలోకి దించారు. అందరం బతికాం. అమ్మీ ఇంటికి రాగానే సదఖా తీసింది. బ్రేకు గొట్టం పగిలిందని మెకానిక్ ఉస్తాద్ తర్వాత చెప్పాడు. ఆ పాత మోడల్‌లో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ లైను. ఒక్కచోట లీకైతే నాలుగూ పోతాయి. దీన్ని కిస్మత్ అంటారా?

అంబాసిడర్ అసలు 1950ల నాటి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. పాతవాటికి నాలుగు వైపులా డ్రమ్ బ్రేకులే. నలభై స్పీడుకు, సగం ఖాళీగా ఉన్న రోడ్డుకు అవి సరిపోయాయి. ఇవాళ సూర్యాపేట నుంచి కోదాడకు వెళ్లేది నాలుగు లేన్ల హైవే మీద. మిర్యాలగూడ వైపు వెళ్తే ముందూ వెనకా రైస్ మిల్లుల లారీలు. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. అదంతా వేడే. వేడికి డ్రమ్ము వ్యాకోచించి బ్రేకు షూలకు దూరం జరుగుతుంది, లైనింగు పట్టు సడలుతుంది. డిస్కుకు గాలి తగులుతుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది.

"ఒరిజినల్ చెడిపోతుంది" అంటారు షౌకీన్లు. జనాబ్, ఇసుజు ఇంజిన్ అంబాసిడర్లు వచ్చాక కంపెనీయే ముందు చక్రాలకు డిస్కులు పెట్టింది. తయారుచేసినవాడే మార్చుకున్న దాన్ని మీరు తబర్రుక్‌లా దాచుకుంటారా? మ్యూజిక్ సిస్టం పెట్టించినప్పుడు ఈ ఒరిజినల్ ఫిక్ర్ ఎక్కడికి పోయింది?

"అల్లా మాలిక్" అంటారా? బేషక్. కానీ ముందు ఒంటెను కట్టెయ్, ఆ తర్వాత తవక్కుల్ చెయ్ అని నేర్పిన దీన్ మనది. ఒంటెను విప్పేసి దువా చేయడం తవక్కుల్ కాదు, గఫ్లత్.

అలాగని జుగాడ్ వద్దు. ఏదో కారు డిస్కులు తెచ్చి ముందు బిగించి, మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచితే ముందూ వెనకా లెక్క తప్పుతుంది. వెనక చక్రాలు ముందే లాక్ అయితే బండి గిరగిరా తిరుగుతుంది. డీజిల్ బండికి వాక్యూమ్ పంపు లేకుండా బూస్టర్ తగిలిస్తే అది అలంకారమే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది. బండిని మార్చే ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్లను అడగండి.

డిస్కులకు తాహత్ లేదా? పర్వాలేదు. రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్లు, లైనింగులు కొత్తవి వేయించండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించండి. వీలైతే రెండు లైన్ల మాస్టర్ సిలిండర్ పెట్టించండి. ఇవన్నీ అయ్యాకే రంగు.

ఆ రోజు దుల్హన్‌ను నేను వేరే కారులో ఎక్కించాను. అంబాసిడర్ పూలతో ఖాళీగా వెనక వచ్చింది. మామూ ఇప్పటికీ నారాజ్‌గానే ఉన్నారు, సలామ్‌కు జవాబు కూడా ముక్తసరిగానే. ఉండనీయండి. రుఖ్సతీలో బేటీని కారెక్కించడమంటే అమానత్‌ను అప్పగించడం. ఆ అమానత్‌ను మూడు సార్లు పంపు కొడితే తప్ప ఆగని బండిలో ఎలా పంపుతాం?