కొలువిచ్చామంటే చాలదు, నిలబెట్టండి!

‘‘మీ కుర్రాళ్లు నిలవరండీ!’’

అచ్యుతాపురంలో అడిగినా, పరవాడలో అడిగినా యాజమాన్యాలది ఇదే పాట. డిగ్రీ పట్టా చేతికి రాగానే వచ్చి చేరతారట. ఆరు నెలలు పని నేర్చుకుంటారట. ఏడో నెలలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు చెక్కేస్తారట. అందుకే బయటివాళ్లను తెచ్చుకుంటున్నామని ముక్తాయింపు. మన భూముల్లో నిలబడి మన పిల్లల మీదే నేరం మోపుతున్నారు. దీనికి మన జవాబు ఒక్కటే: మా పిల్లలు నిలవకపోవడం కాదు, మీరు నిలబెట్టుకోవడం లేదు.

అనకాపల్లి చుట్టూ ఫ్యాక్టరీలకు కరువా? 2022 ఏప్రిల్ 4న జిల్లా అయ్యేనాటికే ఎన్టీపీసీ సింహాద్రి, పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్, బ్రాండిక్స్, ఏషియన్ పెయింట్స్ ఉన్నాయి. 2025 జనవరి 8న నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు ప్రధాని చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. చదువుకు కరువా? బెల్లం మార్కెట్టుతో దేశమంతటా పేరు తెచ్చుకున్న ఈ ఊళ్లో వర్తకుల సంఘం తన పేరుతోనే ఎ.ఎం.ఎ.ఎల్. కాలేజీని నిలబెట్టింది. కెమిస్ట్రీ చదివినవాడు ఉన్నాడు. ఆ కెమిస్ట్రీ అవసరమైన ఫ్యాక్టరీ పది ఊళ్ల అవతలే ఉంది. అయినా ఆ రెంటికీ పొత్తు కుదరడం లేదంటే తప్పు ఎక్కడుంది?

బీఎస్సీ పాసైన కుర్రాడి మొదటి ఏడాది చూడండి. గేటు మీద పెద్ద కంపెనీ పేరు, జీతం చీటీ మీద కాంట్రాక్టరు పేరు. ‘ట్రైనీ’ అంటారు, ఆ ట్రైనింగు ఎప్పుడు ముగుస్తుందో చెప్పరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచారని, బాండు రాయించుకున్నారని ఊళ్లలో వింటూనే ఉన్నాం. రాత్రి షిఫ్టు దిగినవాడికి ఊరికి చేర్చే బస్సు ఉండదు, దగ్గర్లో ఉందామంటే అద్దెలు అందవు. అన్ని కంపెనీలనీ ఒకే గాటన కట్టడం లేదు. సరిగ్గా చూసుకునే చోట్ల మన పిల్లలు ఏళ్ల తరబడి ఉన్నారు కూడా. అదే మా వాదనకు సాక్ష్యం.

జీతం కోసమే పోతున్నారనేది సగం నిజం. హైదరాబాదులో నలుగురు ఒక గదిలో సర్దుకుని, అద్దెకీ మెస్సుకీ పోగా మిగిలేదెంత? అది వాళ్లకీ తెలుసు. అయినా పోతారు. ఎందుకంటే అక్కడ మూడేళ్ల తరవాత తానేమవుతాడో వాడికి కనబడుతుంది. ఇక్కడ మూడేళ్ల తరవాత కూడా అదే కాంట్రాక్టరు, అదే మస్టరు. మెట్టు కనబడని మేడ ఎవడెక్కుతాడు?

నిలబెట్టడం ఎలాగో మన నేలకు తెలియని విద్య కాదు. విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ త్యాగం మీద లేచిన కర్మాగారంలో ట్రైనీగా చేరినవాడికి శిక్షణ ఎన్నాళ్లో, తరవాత ఏ గ్రేడో కాగితం మీద ఉండేది. ఉక్కునగరంలో క్వార్టరు, పిల్లలకు బడి, ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి ఉండేవి. ‘మనవాళ్లు నిలవరు’ అని అక్కడ ఎవరైనా అన్నారా? రిటైరయ్యే దాకా నిలిచారు. అక్కడా భూమి పోగొట్టుకున్న నిర్వాసితులకు అన్యాయం జరిగింది, ఆ గాయం నేటికీ మానలేదు. కానీ ఉద్యోగిని నిలబెట్టే పద్ధతి మాత్రం అక్కడ కళ్లకు కట్టింది. అలాంటి కర్మాగారాన్ని 2021 జనవరిలో అమ్మకానికి పెట్టి, 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో ఉన్నవాళ్లను పంపించారు. నిలిచినవాణ్ని పొమ్మనడం, పోయినవాణ్ని నిలవలేదనడం. బాగుంది న్యాయం!

ఇక ప్రాణం మాట. 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అచ్యుతాపురంలో విషవాయువు పీల్చి వందలాది మంది దుస్తుల కార్మికులు ఆసుపత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న అదే అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా ఫార్మా కంపెనీలో సాల్వెంటు లీకై పేలుడు జరిగింది. మధ్యాహ్నం భోజనాల వేళ 17 మంది బలయ్యారు. వాళ్లలో ఇంజనీరింగు చదివి కొలువులో చేరిన పడుచు పిల్లలున్నారు. కోటి రూపాయల పరిహారం ప్రకటించారు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న ఏ తల్లి తన బిడ్డను ‘ఇక్కడే ఉండరా నాయనా’ అంటుంది? పిల్లలు నిలవాలంటే మొదట ప్రాణాలు నిలవాలి. దానికి మించిన ఆకర్షణ పథకం లేదు.

చట్టాలు లేవా? ఉన్నాయి. 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని రాష్ట్రం చట్టం చేసింది. మన దగ్గర దండిగా ఉన్న ఫార్మా వంటి పరిశ్రమలకు మినహాయింపు దారి అందులోనే ఉంచారు. ఇలాంటి హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. అంతకన్నా ముఖ్యం, ఆ శాతాలు గేటు లోపలికి వచ్చిన తలలను లెక్కపెడతాయి. మూడో ఏట ఎందరు మిగిలారో అడగవు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు నియామక పత్రం తప్పనిసరి అన్నాయి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది పనికే గ్రాట్యుటీ అన్నాయి. మంచిదే. ఆ పత్రం ఇచ్చారా లేదా అని గేటు దగ్గర అడిగే అధికారి ఏడీ?

మేం కోరేది గొంతెమ్మ కోరికలు కావు. ట్రైనింగు ఎన్నాళ్లో, తరవాత ఏ హోదాలో, ఎంత జీతానికో చేరిన రోజే రాసివ్వాలి. సర్టిఫికెట్లు పట్టి ఉంచడం ఆపాలి. సెజ్ పక్కనే ఆడపిల్లలకూ మగపిల్లలకూ హాస్టళ్లు, ప్రతి షిఫ్టుకూ బస్సు ఉండాలి. భద్రతా తనిఖీ నివేదికలు గేటు మీద తెలుగులో అతికించాలి. ఆఖరుది అసలైనది: భూమికీ కరెంటుకూ ఇచ్చే రాయితీలను ఉద్యోగి నిలకడతో ముడిపెట్టాలి. రాయితీ ఇవ్వాల్సింది ఒప్పందం మీద సంతకానికి కాదు, మన పిల్లాడి మూడో ఏటి జీతం చీటీకి. అప్పుడు చూడండి, నిలబెట్టుకునే తెలివి యాజమాన్యాలకు ఎంత తొందరగా వస్తుందో!

ఇవన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి? పరిశ్రమల విధానం, రాయితీల ఫైలు, ఫ్యాక్టరీల తనిఖీ, కార్మిక శాఖ అన్నీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే. ఆ రాష్ట్రం నిన్న హైదరాబాదులో కూర్చుంది, ఇవాళ అమరావతిలో కూర్చుంది. పొగ మనకు, పెత్తనం వాళ్లకు. అందుకే ఉత్తరాంధ్ర రాష్ట్రం అడుగుతున్నాం.

తెలంగాణ బిడ్డలు నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి 2014లో రాష్ట్రం సాధించుకున్నారు. మన పోరులో వాటి పక్కన మరో మాట చేరాలి: నిలకడ. కొత్త అమావాస్యకు నూకాలమ్మను చూడడానికి రెండు రోజులు వచ్చి, తిరుగు టికెట్టు జేబులో పెట్టుకుని కన్నవారిని ఒగ్గేసి పోయే బతుకు మన గుంటలకు వద్దు. రేపు ఓటుకొచ్చే ప్రతి నాయకుణ్నీ ఎన్ని ఉద్యోగాలు తెస్తావని అడగడం మానేద్దాం. తెచ్చినవాటిలో మూడేళ్లకు ఎన్ని మన పిల్లల చేతుల్లో ఉంటాయో చెప్పమందాం.

జై ఉత్తరాంధ్ర!